కమోడు ముందు తడి

హాస్టలు కట్టడం, సామాన్ల షెడ్డు
సోమవారం

నా పేరు పాడుచేసింది నువ్వేనని ఇవాళే తెలిసింది, మావయ్యా.

బావున్నావా అని అడగను. మేనకోడలి నోటికాడ కూడు తీసి, పాతికేళ్ళుగా బస్టాండులో మైకు ముందు కూర్చున్నట్టే ఇవాళా కూర్చుని ఉంటావు. నీకేం.

మీరు అద్దెకుంటున్న ఇంటాయన దగ్గర్నుంచి నాలుగు ముక్కల ఉత్తరం వచ్చింది. మీ ఇంటి పక్క స్థలంలో కడుతున్న కొత్త బిల్డింగు పైపుల పని నాకు ఇవ్వడట. ఇరవై నాలుగు బాత్‌రూములు. పరీక్షగా ముందు నీ బాత్‌రూము, ఆయన బాత్‌రూము చెయ్యమన్నాడు, చేశాను. "భేషుగ్గా ఉంది, స్లాబు పడగానే వచ్చెయ్" అన్నాడు. ఇప్పుడేమో, "నువ్వు వేసిన కుళాయి కారుతోందని, కమోడు దగ్గర నేల ఎప్పుడూ తడేనని మీ మావయ్యగారే స్వయంగా రాసిచ్చారు" అంటున్నాడు. స్వయంగా! సంతకం పెట్టి!

నేను ఏ బడిలోనూ ఈ పని నేర్చుకోలేదు. పాడైన కుళాయిలు విప్పి, బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకున్నా. ఆడపిల్ల పానా పట్టుకుంటే సైటులో ప్రతివాడూ ఒక చుక్క కోసం కాచుకుని ఉంటాడు, "చెప్పానా" అనడానికి. అందుకే నేను బిగించిన ప్రతి జాయింటుకీ పొడి కాగితం చుట్టి ఒక పూట వదిలేస్తా. కాగితం తడిస్తే విప్పి మళ్ళీ బిగిస్తా. నీ బాత్‌రూములో పదకొండు జాయింట్లు. పదకొండు కాగితాలూ కరకరలాడుతూ వచ్చాయి. నువ్వు చేత్తో పట్టుకుని చూశావు. "శభాష్ పానా" అన్నావు. మర్చిపోయావా?

ఫోను ఎందుకు చెయ్యలేదంటే, ఫోనులో నీ గొంతు వింటే ఎదుటిమనిషి చెప్పాల్సింది మర్చిపోయి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి నిలబడతాడు. కాగితం మీద నీ గొంతు పనిచెయ్యదు.

ఈ ఉత్తరంతో పాటు పన్నెండు కాగితాలు పంపుతున్నా. పదకొండు జాయింట్లకి పదకొండు చుట్టు. పన్నెండోది నేల మీద తడి ఎక్కడ కనిపిస్తోందో అక్కడ పరువు. ఒక రోజంతా ఉంచి, మొత్తం తొలి బస్సు డ్రైవరు చేతికియ్యి. గురువారం సాయంత్రంలోగా నాకు చేరాలి.

నీ కోడలు (ఇంకా అంతే అనుకుంటున్నా)


బస్టాండు, ప్రకటనల గది
గురువారం

చిరంజీవి కోడలు పిల్లకి మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిర్ణీత సమయానికే చేరింది. అందులోని భాష మాత్రం దారి తప్పింది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు వేగం తగ్గించాలని ఎవరూ చెప్పలేదా?

నేను నీ మీద ఫిర్యాదు చేయలేదు. ఉన్న పరిస్థితి తెలియజేశాను, అంతే. ఇంటాయన మీ అత్తయ్యతో ఏదో చెప్పడానికి పైకి వచ్చారు. బాత్‌రూము తలుపు తీసి ఉంది. నేల చూసి "ఇదేమిటి" అన్నారు. "కుళాయి" అన్నాను. రాసిమ్మన్నారు, ఇచ్చాను. ఒక బాధ్యత గల పౌరుడు ఇంకేం చేస్తాడు చెప్పు?

నువ్వు కోరినట్టే కాగితాలు చుట్టాను. పన్నెండూ తడిశాయి. జత చేస్తున్నాను. చూసి నీకు బాధ కలగవచ్చు. అందుకు చింతిస్తున్నాను. పనిలో పొరపాట్లు ఎవరికైనా సహజం. ఇంతటితో ఈ విషయం ముగిసినట్టుగా భావించగలవు.

ఒంట్లో బావుంది. కొంచెం జలుబు పట్టేట్టుంది.

మేనమామ

(కవరు లోపలి అంచున, పెన్సిలుతో, అత్తయ్య రాత) క్యారియరు ఇవ్వడానికి బస్టాండుకి వచ్చా, ఉత్తరం అంటిస్తానని తీసుకున్నా. పదకొండు కాగితాలూ పొడిగానే ఉన్నాయే. నా కళ్ళముందే బకెట్లో ముంచాడు. పన్నెండోది మాత్రం ఎవరూ ముంచలేదు, అదే తడిసింది.


హాస్టలు కట్టడం, సామాన్ల షెడ్డు
ఆదివారం

మావయ్యా,

అబద్ధం ఆడటం కూడా ఒక పనే. అదీ నేర్చుకుని చెయ్యాలి. జాయింటు కారితే కాగితం ఒక గీతలా తడుస్తుంది. నువ్వు పంపిన పదకొండూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నానిపోయాయి. ఒకదానికి సబ్బు మరక కూడా ఉంది. నా జాయింటు సబ్బు కూడా కారుస్తుందా?

పన్నెండోది మాత్రం నిజాయితీగా తడిసింది. చుక్కలు చుక్కలుగా, కమోడు ముందు, కుడిపక్క. అక్కడ పైపే లేదు మావయ్యా. పైపు ఉన్నది కమోడు వెనక, ఎడమ గోడలో. ఆ గోడ పగలగొట్టింది నేను, పూడ్చింది నేను. నీళ్ళు కమోడు మీంచి గెంతి ముందుకొచ్చి పడవు. వాసన కూడా చూశా. నా పనిలో అదీ తప్పదు.

కారేది కుళాయి కాదు. నువ్వు.

కోపం తెచ్చుకునే ముందు ఇది విను. తొలి బస్సు డ్రైవరు అన్నాడు, "మీ మావయ్య ఈమధ్య గదిలో ఉండట్లేదమ్మా, అరగంటకోసారి మాయమవుతున్నాడు. ఏడున్నర బస్సు గురించి చెప్పనే లేదు, నలుగురు పెళ్ళివాళ్ళు బెంచీ మీదే ఉండిపోయారు" అని. మొన్నటిసారి నేను మీ ఇంట్లో పని చేస్తున్నప్పుడు నువ్వు బాత్‌రూములోకి వెళ్తే నేను బయట రెండు జాయింట్లు బిగించేదాన్ని. అప్పుడు పేపరు చదువుతున్నావనుకున్నా.

ఇక్కడ ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సమ్మ దగ్గర లావుపాటి పుస్తకం ఉంది. రెండు రోజులు చదివా. అర్థం కానివి ఆవిణ్ణి అడిగా. నాకు తెలిసిన భాషలో నీకు చెప్తా. మూత్రాశయం ట్యాంకు. దాని కింద బయటికి పోయే పైపు. సరిగ్గా ట్యాంకు మెడ దగ్గర, ఆ పైపు చుట్టూ ప్రోస్టేటు అని ఒక గ్రంథి ఉంటుంది. మగాళ్ళందరికీ ఉంటుంది. కుర్ర వయసులో అక్రోటు కాయంత ఉంటుంది. యాభై దాటాక చాలామందికి అది మెల్లగా పెరుగుతుంది. పెరిగి, మధ్యలో ఉన్న పైపుని నొక్కుతుంది. ఇక మొదలు పెట్టాలంటే నిలబడి ఎదురుచూడాలి. వచ్చినా సన్నగా వస్తుంది, మధ్యలో ఆగుతుంది, అయిపోయిందనుకున్నాక నాలుగు చుక్కలు పడతాయి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అవదు. అందుకే అరగంటకే మళ్ళీ నిండినట్టుంటుంది. రాత్రి నిద్ర ఉండదు. ఇందులో ఒక్కటైనా నాది అబద్ధమైతే చెప్పు.

ఇది క్యాన్సరు కాదు. అయితే రెండింట్లోనూ కొన్ని లక్షణాలు ఒకేలా ఉంటాయట. అందుకని ఏదో తేల్చాల్సింది డాక్టరు. నువ్వు కాదు, నేనూ కాదు. ఇది ఏదో తప్పు చేస్తే వచ్చే రోగమూ కాదు. తెల్లజుట్టు లాంటిది. తెల్లజుట్టుకి రంగేస్తున్నావు, సంతోషం. దీనికి రంగు లేదు.

నువ్వు చెయ్యాల్సింది రెండే. డాక్టరు దగ్గరికి వెళ్ళు. కుళాయి బాగానే ఉందని ఇంటాయనకి రాసివ్వు. కారణం నీ ఇష్టం, రాసినా సరే, మానినా సరే. బుధవారం సాయంత్రం బస్సులో జవాబు రావాలి.

కోడలు


బస్టాండు, ప్రకటనల గది
శుక్రవారం

గౌరవనీయులైన ప్లంబరు గారికి,

మేనమామతో మాట్లాడే మాటలేనా ఇవి? ఒక ఆడపిల్ల, అదీ నా చెల్లెలి కూతురు, నా పైపుల గురించి నాలుగు పేజీలు రాస్తుందా? ఆ డ్రైవరు ఉత్తరం చేతికిచ్చి ఎదురుగా నిలబడి, "ఏం రాసిందండీ" అని అడిగితే నేను, "కుటుంబ క్షేమ సమాచారం" అని చెప్పాల్సి వచ్చింది.

నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఈ బస్టాండు అంతా తిప్పి బస్సులు చూపించాను. అప్పుడు నువ్వు నా చొక్కా ఎన్నిసార్లు తడిపావో లెక్కలేదు. నేను ఎవరికైనా ఫిర్యాదు రాశానా?

సరే. ఉందనే అనుకో. నేను ఏం చేయాలో నాకు తెలుసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు మానేశాను. గొంతు ఆరిపోకుండా మూడు టీలు మాత్రం. ముదురు గోధుమరంగు ప్యాంట్లు తప్ప వేరేవి వేయను. ఏ ఊరు వెళ్ళినా బస్సులో చివరి సీటు, సినిమాలో అంచు సీటు. ఈ ఊళ్ళో ఏ వీధిలో ఏ దొడ్డి తలుపు ఎప్పుడు తెరిచి ఉంటుందో నాకు తెలిసినంత మునిసిపాలిటీకి కూడా తెలియదు. మూడేళ్ళుగా ఈ ఏర్పాటు చక్కగా నడుస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళను. వెళ్ళినవాళ్ళని ఏం చేస్తారో మా స్టోర్సు గుమాస్తా చెప్పాడు. గ్లవ్సు వేసుకుంటారట. అక్కడితో నేను వినడం మానేశాను.

ఇంటాయనకీ రాయలేను. నిజం చెప్తున్నా. ఆ రోజు ఆయన ఆ తడి చూసి "ఇదేమిటి" అన్నాడు. ఆ క్షణాన అది ఎవరిదో ఒకరి తప్పు అయి తీరాలి. మీ అత్తయ్య పక్కనే ఉంది. నువ్వు ఊళ్ళో లేవు. అంతే జరిగింది. ఇప్పుడు కాదని రాస్తే, "మరి ఏమిటి" అంటాడు. అది డిపో మేనేజరు దాకా పోతే, "ఈయన అరగంట కూడా కుర్చీలో కూర్చోలేడు" అని నన్ను స్టోర్సులో పడేస్తాడు. రిటైరు కావడానికి ఇంకో ఏడాది ఉంది. నా గొంతు తప్ప నాకింకేం ఉంది పిల్లా?

జలుబు ముదిరింది. ముక్కు పట్టేస్తే ప్రకటనలు చెడిపోతాయని మందుల షాపులో మాత్రలు కొన్నాను.

మేనమామ

(వెనకవైపు, పెన్సిలుతో) చక్కగా నడుస్తోందట. ఆ గదిలో బల్ల కింద ఒక సీసా పెట్టుకున్నాడు. మొన్న మైకు ఆపడం మర్చిపోయి సీసా తీశాడు. "రావే తల్లీ, రా, ఎంతసేపు నిలబెడతావు, జనం చూస్తున్నారు" అని బతిమాలుకుంటుంటే బస్టాండంతా వినిపించింది. మూడో ప్లాట్‌ఫారం మీద జనం బస్సు వస్తోందని సామాన్లు పట్టుకుని లేచి నిలబడ్డారు. నేను క్యారియరుతో అక్కడే ఉన్నా. భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది.


సామాన్ల షెడ్డు
శనివారం, పొద్దున

ఆ జలుబు మాత్రలు పారెయ్యి!

మళ్ళీ రాస్తున్నా. పా-రె-య్యి. నర్సమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించా (తిట్టుకో, తర్వాత తిట్టుకో). జలుబు మాత్రల్లో చాలావాటికి ఆ ట్యాంకు మెడని ఇంకా బిగించే గుణం ఉందట. ఉన్న పైపే సగం మూసుకుంది, నువ్వు పైనుంచి వాల్వు తిప్పుతున్నావు. ఆ షాపువాడికి నీ సంగతి చెప్పి ఉంటే ఇవ్వడు. నువ్వెక్కడ చెప్తావు!

నీళ్ళు పూర్తిగా మానడం కూడా తప్పే. చిక్కబడి మంట పుడుతుంది, ఇంకా ఎక్కువసార్లు పరిగెత్తిస్తుంది. టీ అంతకంటే తప్పు. నువ్వు మానింది తాగాల్సింది, తాగుతోంది మానాల్సింది.

పొట్ట కింద గట్టిపడి, ఎంత ముక్కినా చుక్క రాకపోతే క్షణం ఆగొద్దు. అత్తయ్య కోసం కూడా ఆగొద్దు. నేరుగా ఆస్పత్రికి. మన పోట్లాట అలాగే ఉంటుంది, ఎక్కడికీ పోదు, తర్వాత చూసుకుందాం.

ఈ సాయంత్రం బస్సులోనే జవాబు. ఒక్క ముక్క చాలు. "పారేశా" అని.


ఆస్పత్రి, మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం
మంగళవారం

మా పానా తల్లికి,

నీ ఉత్తరం ఆలస్యంగా నడిచింది. నేను అప్పటికే మూడు మాత్రలు మింగేశాను.

శనివారం లేచింది మొదలు చుక్క లేదు. బస్టాండుకి వచ్చాను. తొమ్మిదిసార్లు వెళ్ళాను, తొమ్మిదిసార్లూ గోడ మీది సున్నం చూసి వచ్చాను. పది దాటేసరికి పొట్ట గాలి నింపిన టైరులా అయింది. డ్రైవరు నీ ఉత్తరం ఇవ్వడానికి వచ్చి, నేను మైకు పట్టుకుని వంగిపోయి ఉండటం చూసి, అడక్కుండానే కవరు చింపి పైకి చదివాడు. "పొట్ట కింద గట్టిపడి" అనే చోటుకి వచ్చేసరికి నా పొట్ట వంక చూశాడు. మిగతాది చదవలేదు. నన్ను ఎత్తి బస్సులో పడేశాడు.

బస్సులో అప్పటికే ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. ఆస్పత్రి ఆ బస్సు దారిలో లేదు. నేను ముందు సీటు కడ్డీ పట్టుకుని వేలాడుతూ, అలవాటు కదా, "ప్రయాణికులకు గమనిక, అనివార్య కారణాల వల్ల దారి మళ్ళించడమైనది, అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నాను. ఒక్కరూ గొడవ చేయలేదు. ఆస్పత్రి దగ్గర నాతో పాటు ఒక పెద్దాయన కూడా దిగాడు. "నేనూ ఎన్నాళ్ళ నుంచో ఇటే రావాలనుకుంటున్నా, ఇంత దాకా వచ్చాం కదా" అన్నాడు.

గొట్టం వేశారు. వేసేటప్పుడు పళ్ళు కరుచుకున్నాను. వేశాక, తల్లీ, ఎలా చెప్పను? లీటరు దాటి వచ్చింది. నా పెళ్ళిరోజున కూడా అంత సుఖం ఎరగను. మీ అత్తయ్య పక్కనే ఉంది, ఈ ముక్క చదివి నా వంక చూస్తోంది.

డాక్టరమ్మ నీ ఈడుదే. గ్లవ్సు తొడుక్కుంది. "పక్కకి తిరిగి మోకాళ్ళు పొట్టకి ఆనించండి" అంది. ఎందుకని అడిగేలోపే అయిపోయింది. పది సెకన్లు. ఆ పది సెకన్లకి మూడేళ్ళు భయపడ్డాను. ఆ గుమాస్తాని కనబడనీ.

ఆ గ్రంథి చిన్న బత్తాయంత ఉందట. నున్నగా ఉంది, గట్టి గడ్డలేవీ చేతికి తగల్లేదు అంది. క్యాన్సరు అనుమానం తీర్చే రక్తపరీక్ష మాత్రం ఇప్పుడు చేస్తే తప్పుగా చూపించవచ్చు, కొన్ని వారాలు ఆగి చేద్దాం అంది. రోజూ మింగమని రెండు రకాల మాత్రలు ఇచ్చింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే లాగి ఉంటే మూత్రపిండాలు దెబ్బతినేవట. "జలుబు మాత్రలు వద్దని మీకెవరూ చెప్పలేదా?" అని కసిరింది. "చెప్పారు" అన్నాను. "ఏ డాక్టరు?" అంది. "మా ప్లంబరు" అన్నాను.

గొట్టం చివర సంచీ ఉంది. జాయింటు చూశాను. చుక్క కారట్లేదు. నీకు చెప్పాలనిపించింది.

మావయ్య


సామాన్ల షెడ్డు
గురువారం

మావయ్యా,

నీ ఉత్తరం పైపులు కోసే చోట చదివా. కళ్ళలో ఇనుప పొడి పడింది. అంతే. డ్రైవరు వేరే ఏమైనా చెప్తే నమ్మకు.

జాయింటు చూసి నేను గుర్తొచ్చానా? ఎంత చక్కటి మాట! ఆ మాటే ఇంటాయనతో చెప్పి ఉంటే ఈ ఉత్తరాలే ఉండేవి కావు కదా.

సరే, నర్సమ్మ చెప్పినవి. నీకు ఇచ్చినవాటిలో ఒక మాత్ర ఆ మెడని వదులు చేస్తుంది, కొన్నాళ్ళకే తేడా తెలుస్తుంది, కానీ మొదట్లో లేవగానే కళ్ళు తిరగొచ్చు. మంచం మీంచి బస్సు పట్టుకునేవాడిలా లేవకు. కాసేపు అంచున కూర్చో. రెండో మాత్ర గ్రంథిని మెల్లగా చిన్నది చేస్తుంది, దానికి నెలలు పడుతుంది. "నాకు తగ్గిపోయింది" అని నీ అంతట నువ్వు ఆపితే నేను వచ్చి మింగిస్తా. నీళ్ళు పగలు తాగు, చీకటి పడ్డాక తగ్గించు. టీ ఒకటి, అదీ పొద్దున. గొట్టం తీశాక కూర్చుని పొయ్యి. మగతనం ఏమీ పోదు. నేల పొడిగా ఉంటుంది, అత్తయ్య నడుముకి పని తప్పుతుంది. అయిపోయాక వెంటనే లేవకు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించు. ట్యాంకు అడుగున మిగిలింది కూడా పోతుంది.

ఇంకో మాట. చిన్నప్పుడు నీ చొక్కా తడిపానన్నావు. నిజమే. కానీ అప్పుడు నేను "మావయ్య చొక్కా కారుతోంది" అని ఎవరికీ చెప్పలేదు.

నా పని ఇంకా పోయే ఉంది. స్లాబు పడ్డాక ఇంటాయన వేరే ప్లంబరుని పిలుస్తాడు. నీకు ఒంట్లో బాగయ్యేదాకా ఆగుతా. స్లాబు పడిన రోజు సాయంత్రానికి మాత్రం నువ్వు ఆయన గుమ్మంలో ఉండాలి. అదే గడువు.

కోడలు


ఇల్లు, మేడ మీద గది
బుధవారం, ఏడు వారాల తర్వాత

పానా తల్లీ,

ముందు శుభవార్తలు. రక్తపరీక్ష వచ్చింది. భయపడాల్సింది ఏమీ లేదంది డాక్టరమ్మ. ఏటా ఒకసారి చూపించుకోమంది. రాత్రిళ్ళు నాలుగుసార్లు లేచేవాణ్ణి, ఇప్పుడు ఒకసారి. గొట్టం తీసిన రోజున మొదటిసారి దానంతటది వచ్చినప్పుడు నేను లోపలి నుంచి ప్రకటించాను, మీ అత్తయ్య బయట నుంచి, "వినబడిందిలెండి, మైకు అక్కర్లేదు" అంది.

డిపో మేనేజరుకి నేనే చెప్పేశాను. ఆయన నవ్వలేదు. "మా నాన్నకీ ఇదే" అన్నాడు. నేను లేచి వెళ్ళినప్పుడు మైకు చూసుకోవడానికి టిక్కెట్ల గుమాస్తాని పెట్టాడు. ఆ మనిషి గొంతు నీ పానా కింద పడ్డట్టుంటుంది, కానీ బస్సులు కదులుతున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. స్లాబు నిన్న పడింది. సాయంత్రం ఇంటాయన గుమ్మంలో నిలబడ్డాను. రెండుసార్లు గంట నొక్కబోయి తిరిగి వచ్చాను. మూడోసారి ఆయనే తలుపు తీశాడు.

"ఆ కుళాయి కారట్లేదండీ" అన్నాను.

"బాగు చేయించారా?"

"కుళాయిని కాదు. నన్ను."

మొత్తం చెప్పేశాను. తల వంచుకుని చెప్పాను కాబట్టి ఆయన ముఖం చూడలేదు. చెప్పడం అయ్యాక ఆయన తలుపు మూసి గడియ పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాను. దగ్గరికొచ్చి గుసగుసగా, "రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేచేవారు?" అన్నాడు.

"నాలుగు."

"నేను అయిదు" అన్నాడు, పరీక్షలో నాకంటే ఒక మార్కు ఎక్కువ వచ్చినట్టు.

అర్థమైందా? ఆయన బాత్‌రూములోనూ సరిగ్గా అదే చోట తడి! "మీరు ఫిర్యాదు ఇవ్వగానే నాకు ప్రాణం లేచొచ్చిందండీ" అన్నాడు. "ఆ పిల్ల పనే బావులేదు, రెండిళ్ళలోనూ అంతే అని మా ఆవిడతో చెప్పేశాను. ఇప్పుడు ఆ పిల్లకే పని ఇస్తే మా ఆవిడ ఊరుకుంటుందా? మరి మన ఇంట్లో తడి ఏమిటి అనదూ?" అదీ ఆయన కష్టం. వేరే ప్లంబరు శనివారం పొద్దున వస్తున్నాడట. డాక్టరమ్మ దగ్గరికి రమ్మన్నాను. వస్తాను గానీ ఎవరికీ తెలియకూడదు అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కాబట్టి ఇది నీకు నేను చెప్పలేదు.

నా తప్పు నేను ఒప్పుకున్నాను పిల్లా. ఆయన తప్పు ఆయన చేత ఒప్పించడం నా వల్ల కాలేదు. ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను.

మావయ్య

(కింద, పెన్సిలుతో) ఒట్టట! ఇంటావిడకి ఏడాది నుంచి తెలుసు. ఆ బాత్‌రూములు కడిగేది ఎవరనుకున్నారు ఇద్దరూ? ఆయన తనంతట తాను చెప్తాడేమోనని చూస్తోంది పాపం.


హాస్టలు కట్టడం, సామాన్ల షెడ్డు
గురువారం

మావయ్యా, ఈ కింద రాసింది ఇంటాయనకి. గడియ పెట్టి, నీ మంచి గొంతుతో, ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించు. మైకు మాత్రం దగ్గర్లో లేకుండా చూసుకో.

నా పేరు పాడుచేసింది మా మావయ్య ఒక్కడే కాదని ఇవాళే తెలిసింది, ఇంటాయనగారూ.

ఇద్దరు పెద్దమనుషులు, చెరో బాత్‌రూము, ఒకటే తడి. ఇద్దరికీ కలిపి ఒక్క పిల్ల దొరికింది, ఊళ్ళో లేనిది. మీరిద్దరూ నా కుళాయి వెనక దాక్కున్నారు. ఆ కుళాయి అరంగుళం వెడల్పు. మీరు ఎలా పట్టారో నాకు తెలీదు.

మా మావయ్య మూడేళ్ళు దాచి ముప్ఫై ఎనిమిది మంది ముందు ఆస్పత్రికి వెళ్ళాడు. మీరు అలా వెళ్ళక్కర్లేదు. ఆయన వెంట నడిచి వెళ్ళండి. గ్లవ్సు సంగతి ఆయన్నే అడగండి, పది సెకన్లని చెప్తాడు. జలుబు చేస్తే మాత్రం షాపులో మీ అంతట మీరు మాత్రలు కొనకండి.

మీ సిగ్గు మీది, నేను దాన్ని ఎక్కడా చెప్పను. నా పనికి ఉన్న పేరు నాది, అది నాకు తిరిగి కావాలి. ఇప్పటికి నాకున్న ఆస్తి అదొక్కటే. ఇరవై నాలుగు బాత్‌రూముల్లో ఎక్కడ చుక్క కారినా విప్పి మళ్ళీ బిగిస్తా, పిలిచిన రోజే వస్తా. ఎవరి ఒంట్లోంచి కారేదానికీ మాత్రం పూచీ పడను. అయితే ప్రతి కమోడు పక్కన గోడకి పట్టుకునే కడ్డీ ఒకటి పెడతా, మీరు అడక్కపోయినా. అందులో ఉండబోయేవాళ్ళకీ వయసు వస్తుంది.

నాకు కావాల్సినవి ఇవి. నేను వేసిన పైపులు రెండు ఇళ్ళలోనూ ఎక్కడా కారలేదని మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, కొత్త బిల్డింగు గేటుకి అంటించాలి. కారణం రాయక్కర్లేదు. దాని కిందే, పని నాకు ఇచ్చినట్టు ఇంకో ముక్క. శనివారం వచ్చే ప్లంబరుకి రావద్దని కబురు. మీ ఆవిడకి ఏం చెప్పాలో నన్ను అడగకండి. నిజం చెప్పి చూడండి, ఆవిడ మీరు అనుకున్నంత ఆశ్చర్యపోదని నా అనుమానం.

ఈ కవర్లో పన్నెండు పొడి కాగితాలు పెట్టా. మీ బాత్‌రూములోనూ జాయింట్లు పదకొండే, వాటికి చుట్టండి. పన్నెండోది ఎక్కడ పరవాలో మీకు తెలుసు.

రేపు, శుక్రవారం, సాయంత్రం బస్సులో మీ సంతకంతో జవాబు నాకు చేరాలి. చేరకపోతే శనివారం తొలి బస్సులో నేనే దిగుతా. ఇంకో పన్నెండు కాగితాలు తెస్తా. మీ ఆవిణ్ణి పక్కన నిలబెట్టుకుని నేనే పరుస్తా.